చార్టు ఇటు తిప్పితే: ప్రయాణాల యాప్‌ల మీద మీ ప్రశ్నలు

పండగ టికెట్ల హడావుడి మొదలైనట్టుంది. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ప్రయాణాల యాప్‌ల గురించే. జవాబులకు ముందు నా సంగతి ఒక్క మాట. మా నాన్న ఒంగోలులో ప్రైవేటు బస్సుల టికెట్ కౌంటర్ నడిపేవారు. బడి వదలగానే నేను అక్కడికే వెళ్లి హోంవర్క్ చేసుకునేదాన్ని. పెద్దయ్యాక బస్సు టికెట్లు అమ్మే సాఫ్ట్‌వేర్ రాసే ఒక చిన్న టీమ్‌లో పదకొండేళ్లు పనిచేశాను. నేను రాసేదంతా ఆ రెండు చోట్ల కళ్లారా చూసిందే.

ప్రశ్న: మా ఇంట్లో నలుగురి ఫోన్లలో కలిపి ఏడు ప్రయాణాల యాప్‌లు ఉన్నాయి. బస్టాండు మా ఇంటికి నడిచివెళ్లేంత దూరమే. అయినా నాన్నగారు ఫోన్‌లోనే టికెట్ కొంటారు. వీటిని జనం ఇంతగా ఎందుకు ఇష్టపడుతున్నారు?
*– డిగ్రీ విద్యార్థిని, కావలి*

మా నాన్న బల్ల మీద ప్రతి బస్సుకూ ఒక చార్టు ఉండేది. గళ్లు గీసిన కాగితం, గడికో సీటు. టికెట్ ఇవ్వగానే ఆ గడిలో పెన్సిల్‌తో ఇంటూ కొట్టేవారు. పెన్సిలే ఎందుకంటే రద్దయితే చెరపాలి కదా. ఆ చార్టు ఎప్పుడూ ఆయన వైపే తిరిగి ఉండేది. కిటికీ అవతల నిలబడ్డవాళ్లకు కనిపించేది కాదు. "ముందు వైపు కిటికీ సీటు ఉందాండీ?" అని అడిగితే ఆయన ఏం చెబితే అదే. నాన్న అబద్ధం చెప్పే మనిషి కాదు. కానీ ఆయనకూ పూర్తిగా తెలిసేది కాదు. ఒంగోలు కోటా ఆరు సీట్లు. మిగతావి కావాలంటే హైదరాబాద్ ఆఫీసుకు ఫోన్ చేయాలి, లైను కలవాలి, అవతల ఎత్తాలి. పండగల ముందు ఆ లైను కలిసేదే కాదు. జనం కిటికీ దగ్గర అలాగే నిలబడి ఉండేవారు.

యాప్ చేసిన పెద్ద పని ఆ చార్టును ప్రయాణికుడి వైపు తిప్పడం. ఏ సీటు ఖాళీ, ఎంత ధర, ఎన్నింటికి, ఎక్కడ ఎక్కాలి అన్నవి ఎవరినీ బతిమాలకుండా కనిపిస్తున్నాయి. మీ నాన్నగారు బస్టాండుకు నడవలేక ఫోన్‌లో కొనడం లేదమ్మా. సీటు తన కళ్లతో చూసి ఎంచుకోవాలని కొంటున్నారు.

ఈ కష్టంలోంచే ఒక సంస్థ పుట్టింది. 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి వెళ్లాలనుకున్న ఫణీంద్ర సామ అనే ఇంజనీరుకు బస్సు టికెట్ దొరకలేదు. ఏజెంట్ల చుట్టూ తిరిగినా ఏ బస్సులో ఎన్ని సీట్లు మిగిలాయో ఒక్కచోట చెప్పేవాళ్లు లేరు. మరుసటి ఏడాది ఇద్దరు స్నేహితులతో కలిసి ఆయన రెడ్‌బస్ మొదలుపెట్టారు. 2008లో హైదరాబాద్ నుంచి అభిబస్ వచ్చింది. రైల్వే వీళ్లందరికంటే ముందే, 2002లోనే ఐఆర్‌సీటీసీ వెబ్‌సైట్‌లో టికెట్లు అమ్మడం ప్రారంభించింది. మొదట్లో అక్కడ బుక్ చేస్తే టికెట్ కాగితం కొరియర్‌లో ఇంటికి వచ్చేది. ఇవన్నీ అప్పట్లో కంప్యూటర్, కార్డు ఉన్నవాళ్లకే. 2016లో యూపీఐ వచ్చింది, ఆ ఏడాదే డేటా చవకైంది. ఆ తర్వాతే ఇవి ఊళ్లలోకి వచ్చాయి.

నా మటుకు నాకు ఇంకో కారణం ఇంతకంటే పెద్దది. నేను హైదరాబాద్‌లో చదువుకునే రోజుల్లో తెల్లవారుజామున నాన్న ఒంగోలు బైపాస్ మీద స్కూటర్ ఆపుకుని గంట, గంటన్నర నిలబడేవారు. బస్సు ఎక్కడుందో తెలియదు. చలిలో మఫ్లర్ చుట్టుకుని, వచ్చే ప్రతి హెడ్‌లైటు వైపూ చూస్తూ ఉండేవారు. ఇప్పుడు మా అన్నయ్య తన కూతురి కోసం బస్సు మద్దిపాడు దాటిందని ఫోన్‌లో చూసుకుని ఇంట్లోంచి బయలుదేరుతున్నాడు. ఆ పిల్ల సీటు ఎంచుకునేటప్పుడే పక్క సీటు మహిళదో కాదో కనిపిస్తోంది. ఆడపిల్లను రాత్రి బస్సు ఎక్కించే ఇంట్లో ఇది ఎంత టెన్షన్ తగ్గిస్తుందో తల్లిదండ్రులను అడగండి.

ప్రశ్న: నెట్ లేకపోయినా రైలు ఎక్కడ వెళ్తోందో ఫోన్ చెబుతోంది. ఎలాగండీ?
*– రైతు, కేసముద్రం*

మీరు చెప్పేది 'వేర్ ఈజ్ మై ట్రైన్' లాంటి యాప్ గురించి అనుకుంటాను. దాన్ని బెంగళూరులోని సిగ్మాయిడ్ ల్యాబ్స్ అనే చిన్న కంపెనీ తయారు చేసింది. 2018లో గూగుల్ దాన్ని కొనుక్కుంది.

నెట్ లేకపోయినా మీ ఫోన్ దగ్గరలోని సెల్ టవర్‌తో మాట్లాడుతూనే ఉంటుంది. ప్రతి టవర్‌కూ ఒక గుర్తింపు నంబరు ఉంటుంది. పట్టాల పక్కన ఏ టవర్ తర్వాత ఏ టవర్ వస్తుందో, ఆ వివరాన్ని రైళ్ల టైం టేబుల్‌తో పాటు యాప్ ముందే ఫోన్‌లో దాచుకుంటుంది. మీరు కేసముద్రంలో రైలెక్కి మహబూబాబాద్ మీదుగా డోర్నకల్ వైపు వెళ్తుంటే టవర్ల నంబర్లు వరసగా మారతాయి. వాటిని బట్టి రైలు ఎక్కడుందో చెబుతుంది. అయితే ఇది మీరు రైల్లో ఉన్నప్పుడే. ఇంట్లో కూర్చుని నెట్ లేకుండా చూస్తే కనిపించేది టైం టేబుల్ మాత్రమే. ఆలస్యం తెలియాలంటే నెట్ కావాలి.

ప్రశ్న: మేము ముగ్గురం ఇంజనీరింగ్ ఫైనలియర్. పల్నాడులో తిరిగే బస్సులన్నిటికీ టికెట్లు అమ్మే యాప్ చేయాలనుకుంటున్నాం. నెలలో అవుతుందా మేడం? ఏ లాంగ్వేజ్ నేర్చుకోవాలి? ఖర్చు ఎంత?
*– విద్యార్థి, నరసరావుపేట*

తెరలు నెలలో అవుతాయి బాబూ. యాప్‌లు రాసే సాధనాల్లో ఫ్లటర్ వస్తే ఫ్లటర్, కోట్లిన్ వస్తే కోట్లిన్. వచ్చిన దాంట్లోనే చేయండి. గూగుల్ ప్లే స్టోర్‌లో పెట్టడానికి ఒక్కసారి 25 డాలర్లు కట్టాలి. ఆపిల్ వాళ్లకు ఏటా 99 డాలర్లు. ముందు ఆండ్రాయిడ్ చాలు. వీటి గురించి ఇంతకంటే ఆలోచించకండి. ఆలోచించాల్సింది వేరే ఉంది.

మా టీమ్ పని మొదలుపెట్టిన తొలి ఏడాది ఒక రాత్రి పదకొండున్నరకు ఫోన్ వచ్చింది. చిలకలూరిపేట బైపాస్ దగ్గర ఒక పెద్దాయన, చేతిలో నిద్రపోతున్న మనవడు. మా యాప్‌లో కొన్న టికెట్ ఉంది, డబ్బు కట్టారు, మెసేజ్ వచ్చింది. బస్సు ఎక్కితే ఆ సీట్లో ఇంకొకరు కూర్చుని ఉన్నారు. ఆయన దగ్గరా టికెట్ ఉంది, కౌంటర్‌లో రాసిచ్చినది. ఆ ట్రావెల్స్ వాళ్లు మాకు కొన్ని సీట్లు ఇచ్చి, వాటిలో ఒకటి తమ పెన్సిల్ చార్టులోనూ అమ్మేశారు. మా సర్వర్‌లో తప్పు లేదు. పెద్దాయనకు ఆ మాటతో ఏం పని? ఆయన మనవణ్ణి భుజాన వేసుకుని రోడ్డు మీద ఉన్నారు. ఆ రాత్రి ఇంకో బస్సు డ్రైవర్ నంబరు పట్టుకుని, బతిమాలి, రెండింటికి ఎక్కించాం. నాకు ఇప్పటికీ ఆయన గొంతు గుర్తుంది. కోప్పడలేదు, "అమ్మా, ఖాళీ అని మీరే కదా చూపించారు" అన్నారు.

టికెట్లు అమ్మే యాప్ అంటే ఇదే. తెర మీద ఖాళీ అని కనిపించిన సీటు బస్సులోనూ ఖాళీగా ఉండాలి. ఒక్క బస్సు సీట్లకు ఒక్కటే చార్టు ఉండాలి. కౌంటర్‌లో అమ్మినా, మీ యాప్‌లో అమ్మినా, ఇంకో యాప్‌లో అమ్మినా గుర్తు ఆ చార్టులోనే పడాలి. అందుకే రెడ్‌బస్ వాళ్లు కూడా ప్రయాణికుల సైటుతో ఆగకుండా, బస్సుల యజమానులు వాడుకునే సాఫ్ట్‌వేర్ కూడా తయారు చేశారు. యజమాని ఆఫీసులో పెన్సిల్ ఉన్నంతకాలం మన యాప్ ఎంత బాగున్నా చాలదు. మీ నెలలో ఎక్కువ రోజులు కంప్యూటర్ ముందు కాదు, ట్రావెల్స్ ఆఫీసుల్లో టీ తాగుతూ గడుస్తాయి. దానికి సిద్ధంగా ఉండండి.

తర్వాతిది, ఒకే సీటును ఇద్దరు ఒకే క్షణంలో నొక్కడం. సంక్రాంతి ముందు ఇది నిమిషానికోసారి జరుగుతుంది. ఒకరు నొక్కగానే ఆ సీటును కొన్ని నిమిషాలు పక్కన పెట్టాలి. మేము ఎనిమిది నిమిషాలు పెట్టేవాళ్లం. ఆ లోపు డబ్బు వస్తే టికెట్, రాకపోతే సీటు మళ్లీ ఖాళీ. వినడానికి తేలికే. డబ్బు తొమ్మిదో నిమిషంలో వస్తేనో? ఖాతాలో డబ్బు పోయింది, మనకు కబురు రాలేదు, సీటు ఇంకొకరికి వెళ్లింది. ఆ మనిషి ఫోన్ పట్టుకుని కంగారుపడుతుంటాడు. అలాంటి చెల్లింపుల మీద రిజర్వ్ బ్యాంక్ 2019లో నియమం పెట్టింది. ఖాతాలో డబ్బు పోయి వ్యాపారికి నిర్ధారణ అందని యూపీఐ చెల్లింపు ఐదు రోజుల్లోగా తనంతట తానే వెనక్కి రావాలి. దాటితే రోజుకు వంద రూపాయల పరిహారం. ఈ మాట మీ యాప్‌లో డబ్బు ఆగిపోయిన తెర మీదే, తెలుగులో రాయండి. 'ట్రాన్సాక్షన్ పెండింగ్' అని రాసి వదిలేయకండి.

అందుకే నా సలహా, మొదటి ఏడాది టికెట్లు అమ్మొద్దు. టైములు మాత్రం చెప్పండి. పల్నాడు మొత్తం కూడా వద్దు. నరసరావుపేట–వినుకొండ ఒక్క రూటు తీసుకోండి. వారం రోజులు బస్టాండులో, దారిలో ఆగే చోట్ల ముగ్గురూ పంచుకుని నిలబడండి. ఏ సర్వీసు ఎన్నింటికి నిజంగా వస్తోందో రాసుకోండి. డ్రైవర్లు, కండక్టర్లు, సోడా బండి ఆయన మీకు ఏ వెబ్‌సైట్‌లోనూ లేని సంగతులు చెబుతారు.

రాసుకున్నదాన్ని జీటీఎఫ్ఎస్ అనే, బస్సుల టైములు కంప్యూటర్‌కు అర్థమయ్యేలా రాసే పద్ధతిలో పెట్టండి. 2005 ప్రాంతంలో అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగర రవాణా సంస్థ, గూగుల్ కలిసి మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఆగే చోట్లు ఒక ఫైలు, రూట్లు ఒక ఫైలు, ఏ బస్సు ఏ చోట ఎన్నింటికి అన్నది ఒక ఫైలు. అన్నీ మామూలు టెక్స్ట్ ఫైళ్లే. మ్యాపులకు ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ ఉచితం. టైములన్నీ ఫోన్‌లోనే దాచండి, సిగ్నల్ లేని ఊళ్లో కూడా తెరుచుకోవాలి. మీ కొత్త ఫోన్‌లో కాదు, మీ అమ్మగారి పాత ఫోన్‌లో పరీక్షించండి.

ఊళ్ల పేర్ల దగ్గర ఓపిక పట్టండి. ఇప్పటికీ బెజవాడ అనే వెతుకుతారు. రైల్వే వాళ్ల కోడ్ కూడా బీజెడ్ఏనే కదా. రాజమండ్రి, రాజమహేంద్రవరం రెండూ ఒకే చోటుకు వెళ్లాలి. కొత్తపేటలు, కొత్తపాలేలు ఎన్ని ఉన్నాయో చెప్పలేను. పక్కన మండలం పేరు లేకపోతే మనిషి వేరే ఊళ్లో దిగుతాడు. మా జాబితాలో నేను ఆర్నెల్లు ఈ ఒక్క పనే చేశాను. నా ఉద్యోగంలో నాకు బాగా నచ్చిన ఆర్నెల్లు అవి.

మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకు ఎన్ని ప్రత్యేక బస్సులు నడుస్తాయో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ ఒక్క రోజు, తిరుగు బస్సు ఎక్కడ ఆగుతుందో, ఎన్నింటికో సరిగ్గా చెప్పగలిగితే జనం మీ యాప్‌ను ఫోన్‌లోంచి తీసేయరు.

ప్రశ్న: మా చెల్లెలి పెళ్లికని శనివారం రాత్రి 12.40 బస్సుకు టికెట్ కొన్నాను. శనివారం రాత్రి వెళ్తే మా బస్సు నిన్ననే వెళ్లిపోయిందన్నారు. డబ్బూ పోయింది. తప్పు నాదేనా?
*– గృహిణి, మిర్యాలగూడ*

కాదమ్మా. మన లెక్కలో తెల్లవారితేనే కొత్త రోజు. శనివారం భోంచేసి, మెలకువగా ఉండి ఎక్కే బస్సు మనకు శనివారం రాత్రి బస్సే. గడియారానికి మాత్రం పన్నెండు దాటగానే ఆదివారం. మీ టికెట్ మీద శనివారం తేదీతో 12.40 అని ఉందంటే, అది శుక్రవారం రాత్రి భోజనాలయ్యాక బయలుదేరాల్సిన బస్సు. ఈ తేడా ప్రయాణికుడికి అర్థమయ్యేలా చెప్పాల్సిన బాధ్యత యాప్ రాసినవాళ్లది.

నేను ఇందాక చెప్పిన జీటీఎఫ్ఎస్‌లో దీనికి చక్కని ఏర్పాటు ఉంది. అందులో గంటలు 24 దగ్గర ఆగవు. శుక్రవారం సర్వీసు అర్ధరాత్రి దాటి 12.40కి ఒక చోటికి వస్తే 24.40 అని రాస్తారు. బస్సు శుక్రవారానిదిగానే ఉంటుంది. ఇది లోపలి లెక్క, ప్రయాణికుడికి ఇలా చూపించకూడదు. మా యాప్‌లో ఇలాంటి టికెట్ కొనేటప్పుడు డబ్బు కట్టే ముందు ఒక వాక్యం వచ్చేలా చేశాం: "ఇది శుక్రవారం రాత్రి పడుకోకుండా ఎక్కాల్సిన బస్సు. సరేనా?" దాన్ని నేనే రాశాను. అది పెట్టాక మీలాంటి ఫోన్లు బాగా తగ్గాయి.

మీరు ఇకముందు పన్నెండు, నాలుగు మధ్య బస్సు కొంటే బుక్ చేసిన వెంటనే ట్రావెల్స్ వాళ్లకు ఫోన్ చేసి "ఏ రాత్రి భోజనం చేసి రావాలి?" అని అడగండి. తేదీ అడగొద్దు, భోజనం అడగండి.

ప్రశ్న: టికెట్ ధర ఒకటి చూపించి, చివర్లో ఇన్సూరెన్స్ కలిపి ఎక్కువ తీసుకున్నారు. నేను అడగలేదు.
*– విశ్రాంత ఉపాధ్యాయుడు, పలాస*

మీకు తెలియకుండా బుట్టలో వస్తువు వేయడం, ధరను చివర్లో పెంచడం రెండూ తప్పేనండీ. 2023 నవంబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇలాంటి 13 రకాల మాయలను నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. ఇన్సూరెన్స్ మంచిదే కావచ్చు, కానీ టిక్కు పెట్టాల్సింది మీరు. డబ్బు కట్టే ముందు తెరను, చివర రసీదును రెండింటినీ ఫొటో తీసి ఉంచుకోండి. ముందు యాప్ వాళ్లకే రాయండి. వారంలో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడొచ్చు.