పాత జీపు లైట్ స్విచ్ విప్పే ముందు

అల్లుడా,

నాబ్ పట్టుకుని కాస్త కదిపితేనే హెడ్‌లైట్లు వెలుగుతున్నాయని, మెకానిక్ స్విచ్ పారేసి కొత్తది వేద్దామన్నాడని రాశావు. వద్దు. బావ జీపులో ఉన్నది గట్టి ఇత్తడి, బేకలైట్ (వేడికి కరగని పాతకాలపు గట్టి ప్లాస్టిక్) సరుకు. ఇప్పుడు దుకాణాల్లో అంటగట్టే డూప్లికేట్లలో రేకు పల్చన, స్ప్రింగు మెత్తన. పాతదాన్నే బాగుచేసుకో. పెద్ద పనేం కాదు, ఆగమాగం చేయకుంటే చాలు.

ముందు తప్పు స్విచ్‌దేనా అన్నది తేల్చుకో. ఒక్క లైటే పోతే స్విచ్ జోలికి పోకు, ఆ లైటు దగ్గర ఎర్త్ చూడు. డిమ్ మాత్రమే రాకపోతే డిమ్, బ్రైట్ మార్చడానికి కాలితో తొక్కే డిప్పర్‌ను అనుమానించు. చెప్పుల మట్టి, వాననీళ్లు అన్నీ దాని నెత్తినే పడతాయి. పార్కింగ్ లైట్లు బాగుండి, రెండు హెడ్‌లైట్లూ డిమ్‌లోనూ బ్రైట్‌లోనూ కలిసి పోతుంటే అప్పుడు స్విచ్‌ను పట్టుకో. లైట్లు వేసి ఉంచి, మల్టీమీటర్ ఒక కొస బ్యాటరీ నుంచి వచ్చే టెర్మినల్‌కు, రెండోది హెడ్‌లైట్ టెర్మినల్‌కు పెట్టు. 0.2 వోల్ట్ లోపు చూపిస్తే స్విచ్ మంచిదే. అర వోల్ట్ దాటిందంటే రోగం లోపలే ఉంది.

విప్పేటప్పుడు మొట్టమొదట బ్యాటరీ ఎర్త్ వైరు తీసెయ్. తాళంచెవి తీస్తే సరిపోతుందనుకునేవు, పైలం. లైట్ స్విచ్‌కు వచ్చే వైరులో తాళంతో పనిలేకుండా ఎప్పుడూ కరెంటు ఉంటుంది. పాత జీపుల్లో దానికి ఫ్యూజు కూడా ఉండకపోవచ్చు. పానా జారి బాడీకి తగిలితే వైరింగే కాలిపోతుంది. తర్వాత వెనక వైపు ఫోన్‌తో రెండు మూడు ఫొటోలు తియ్యి, ఒక్కో వైరుకు టేపు చుట్టి నంబరు రాయి. రంగులను నమ్ముకోకు, ఇన్నేళ్లలో ఎవరెవరు ఏ వైరు అతికారో ఎవరికి తెలుసు?

నాబ్‌ను బలవంతంగా గుంజకు. దాని అడుగున తల లేని చిన్న గ్రబ్ స్క్రూ ఉందేమో టార్చి వేసి చూడు. లేకపోతే మరతో ఎక్కించింది కావచ్చు. కొన్నింటికి వెనక స్విచ్ డబ్బా మీద చిన్న పిన్ను ఉంటుంది, దాన్ని నొక్కి పట్టుకుంటే నాబ్ కడ్డీతో సహా ఊడి వస్తుంది. ఆ తర్వాత ముందున్న నట్టు విప్పితే స్విచ్ వెనక్కి దిగిపోతుంది. జీపు డ్యాష్‌బోర్డ్ ఒంటి రేకే కాబట్టి కింద నుంచి చెయ్యి హాయిగా పోతుంది.

ఇక డబ్బా తెరవడం. పెద్ద పారదర్శక పాలిథిన్ కవరు తీసుకుని, చేతులు, స్విచ్ రెండూ అందులోనే పెట్టి తెరువు. లోపల చిన్న స్ప్రింగు, ఉక్కు గుండు ఉంటాయి. ఎగిరితే గ్యారేజీ అంతా పాకినా దొరకవు. మడతపెట్టిన రేకు చెవులను ఒకేసారి లేపకు, అన్నింటినీ కొంచెం కొంచెంగా లేపు. రెండుసార్లు వంగితే విరుగుతాయి.

జరిగే రాగి పలక మీద మెంతి గింజంత నల్లటి గుంట కనిపిస్తుంది. కరెంటు కాల్చిన చోటు అదే. వెయ్యి నంబర్ వాటర్ పేపర్‌తో నాలుగుసార్లు రుద్దు, అంతే. వెండి పూత ఉంటే అరగదీయకు, కాంటాక్ట్ క్లీనర్‌తో తుడువు. బయటి ఇత్తడి టెర్మినల్స్‌కు ఇంట్లో చింతపండే చాలు. కానీ తర్వాత బాగా కడిగి ఆరబెట్టు, పులుపు మిగిలితే పచ్చగా చిలుము పడుతుంది. అందరూ కాంటాక్ట్ రుద్ది ఊరుకుంటారు, అసలు తప్పు చాలాసార్లు రివెట్‌లో ఉంటుంది. వేడికి బేకలైట్ కుంచించుకుపోయి రివెట్ వదులవుతుంది, టెర్మినల్ ఊగుతుంది. నువ్వు నాబ్ కదిపితే లైట్లు రావడానికి అదే కారణమై ఉంటుంది. కింద గట్టి ఆధారం పెట్టి సెంటర్ పంచ్‌తో సుతారంగా తట్టి బిగించు. బేకలైట్ బొగ్గులా మారి పగిలిపోయి ఉంటే మాత్రం ఇక దాంతో కుస్తీ పట్టకు. బాగుంటే కాంటాక్ట్ మీద పిసరంత వాజిలిన్ రాసి మూసెయ్.

ఇంతకీ అది ఎందుకు కాలిందంటావా? 45 వాట్ల బల్బులు రెండు అంటే 12 వోల్ట్‌ల మీద ఏడున్నర ఆంపియర్లు. నువ్వు పెట్టించిన 100 వాట్ల జత దాదాపు 17 ఆంపియర్లు గుంజుతుంది. ఆ కరెంటంతా ఈ చిన్న గుంట మీదుగానే పోవాలి. పైగా దారిలో వోల్టేజీ పదో వంతు పోతే వెలుగు సుమారు మూడో వంతు పోతుంది. పెద్ద బల్బు పెట్టినా పస్రా దాటాక అడవిలో రోడ్డు కనబడదని నువ్వు మొత్తుకునేది అందుకే.

కాబట్టి ఆ బల్బులు తీసెయ్. డిప్పర్ తర్వాత డిమ్‌కు ఒక రిలే, బ్రైట్‌కు ఒక రిలే వెయ్యి. రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్, దాని కాళ్ల మీద నంబర్లు ఉంటాయి. బ్యాటరీ నుంచి 15 ఆంపియర్ల ఫ్యూజుతో వచ్చే వైరు 30కి, లైట్లకు పోయేది 87కి, డిప్పర్ నుంచి వచ్చేది 86కి, ఎర్త్ 85కి. అప్పుడు స్విచ్ మీద పడే బరువు దాదాపు ఏమీ ఉండదు.

అంతా బిగించాక ఇంజిన్ నడుస్తుండగా అరగంట లైట్లు వేసి ఉంచి, స్విచ్ వెనక చెయ్యి పెట్టి చూడు. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చెయ్యి కాలితే మళ్లీ విప్పి రివెట్ చూడు, అప్పటిదాకా మేడారం ప్రయాణం పెట్టుకోకు. అక్కను అడిగానని చెప్పు.

నీ మామ