బిడ్డకు ఆయా తర్వాత, ముందు ఇంటికి మనిషి

ప్రశ్న: మాది కడప. ప్రైవేట్ బ్యాంకులో పని చేస్తున్నాను. తొలి కాన్పు, ఇప్పుడు ఏడో నెల. అమ్మకు మోకాలి ఆపరేషన్ అయింది కాబట్టి పుట్టింటికి వెళ్లే వీలు లేదు. ఇప్పుడే ఒక ఆయానూ పనిమనిషినీ చూద్దామంటే మా ఆయన "కాన్పయ్యాక చూద్దాంలే" అంటారు. ప్రొద్దుటూరు నుంచి వచ్చి ఉంటానంటున్న మా అత్తగారేమో "ముగ్గుర్ని సాకినదాన్ని, నేనుండగా పరాయి మనిషెందుకు? కావాలంటే ఊర్నుంచి పదమూడేళ్ల పిల్లను తెస్తా, బిడ్డను ఎత్తుకుంటుంది" అంటున్నారు. ఆమెను నొప్పించకుండా ఎలా చెప్పాలి?

జవాబు: మీ తొందరలో తప్పేం లేదమ్మా. పసిబిడ్డతో రాత్రిళ్లు నిద్ర లేనప్పుడు మనిషిని వెతికితే, ఎవరు దొరికితే వాళ్లకు సరే అనేస్తాం. పనిమనిషి ఎనిమిదో నెలలోనే పనిలోకి వస్తే మీరు ఆమె తీరు చూస్తారు, ఆమెకూ మీ ఇల్లు అలవాటవుతుంది.

కానీ ఆయాకు ఇప్పుడే తొందర లేదు. చట్టప్రకారం మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు ఉంది. కాన్పుకు ముందు రెండు వారాలే వాడుకుంటే బిడ్డకు అయిదున్నర నెలలు వచ్చేదాకా మీరు ఇంట్లోనే ఉంటారు. అప్పటిదాకా బిడ్డ పనిలో పెద్దది పాలివ్వడమే, అది ఎలాగూ మీదే. మిమ్మల్ని అలసగొట్టేవి అంట్లు, తడిసిన గుడ్డలు, చూడ్డానికొచ్చే చుట్టాలకు కాఫీలు. వాటికి మనిషిని పెట్టుకోండి. ఆయాను బ్యాంకుకు తిరిగి వెళ్లే ముందు ఓ నెల మీ కళ్ల ముందు ఉంచుకుంటే చాలు.

ఇలా అయితే అత్తగారికి చెప్పడమూ సులువు. "బిడ్డను చూసుకోవడానికి మీరుండాలి, అంట్ల దగ్గర కాదు." ఈ మాట మీ ఆయన చెప్పాలి. కొడుకు చెబితే సలహా అవుతుంది, అదే కోడలు అంటే ఫిర్యాదు అవుతుంది.

ఇక ఆ పదమూడేళ్ల పిల్ల సంగతి. ఇక్కడ మాత్రం అత్తగారు నొచ్చుకున్నా ఫర్వాలేదు, వద్దనండి. పద్నాలుగేళ్లలోపు వాళ్లను ఇంటిపనికి పెట్టుకోవడం నేరం. చట్టం మాట అటుంచినా, బడికి పోవాల్సిన పిల్ల చేతిలో మీ బిడ్డను పెడితే ఇద్దరి భారమూ మీరే మోయాల్సి వస్తుంది.

పనిమనిషిని పెట్టుకునేటప్పుడు జీతం, వచ్చే వేళ, వారానికో సెలవు ముందే మాట్లాడుకోండి. ఉగాది, రంజాన్, పెద్ద దర్గా ఉరుసు రోజుల్లో రాకపోతే ఎలా అన్నదీ అప్పుడే అనుకోవాలి. అడ్వాన్స్ అడిగితే ఎంతవరకు ఇవ్వగలరో, నెలకెంత పట్టుకుంటారో కాగితం మీద రాసుకోండి. ఆమెకు రెండు వారాలకు మించి దగ్గు ఉంటే ప్రభుత్వాసుపత్రిలో టీబీ పరీక్ష ఉచితం, తోడు వెళ్లి చేయించండి. కెమెరా పెడితే ఆమెకు చెప్పే పెట్టండి. ఆమెకు విడిగా గ్లాసు పెట్టే అలవాటు మీ ఇంట్లో ఉంటే ఇప్పుడే మానుకోండి. బిడ్డను అప్పగించే చేతికి అంటు ఏమిటి?

గొడవ ఎక్కువగా వచ్చేది బిడ్డకు నీళ్లు పోసే దగ్గర. నీళ్లు పోసే ఆమెను అత్తగారు తప్పకుండా పిలిపిస్తారు. పిలిపించనివ్వండి, గోరువెచ్చటి నీళ్లూ మెల్లగా ఒళ్లు మర్దనా మంచివే. ముక్కులో, చెవుల్లో నూనె పోయడం, బిడ్డ రొమ్ములు పిండడం, సాంబ్రాణి పొగ పట్టడం మాత్రం వద్దు. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప నీళ్లూ తేనే కూడా పట్టకూడదు, తేనె అయితే ఏడాది దాకా వద్దు. ఇవన్నీ మీరు చెబితే "నిన్నగాక మొన్న వచ్చి" అంటారు. ఆసుపత్రి నుంచి ఇంటికి బయల్దేరే రోజే పిల్లల డాక్టర్ నోట అత్తగారి ముందు చెప్పించండి.

ఒక్కటి మీరు రాయలేదు: మీ అత్తగారు ఎన్నాళ్లు ఉంటారు? మూడు నెలలా, మీరు డ్యూటీలో చేరాక కూడానా? ఈ ఆదివారం మీ ఆయనతోనే అడిగించండి. ఆయాను పూర్తి రోజుకు చూడాలా, సగం రోజు సరిపోతుందా అన్నది దాన్నిబట్టే తేలుతుంది.