అమ్మగారి ప్రయాణానికి టాబ్లెట్ సిద్ధం చేసే పద్ధతి

కావలి నుంచి అమ్మగారు అమెరికా వెళ్తున్నారనీ, క్రితంసారి నాన్నగారి టాబ్లెట్‌లో దించిపెట్టిన సినిమాలు ఇంట్లో బాగానే ఆడి, విమానమెక్కాక తెరుచుకోలేదనీ రాశారు. లోపం టాబ్లెట్‌ది కాకపోవచ్చునండీ. సినిమాల యాప్‌లలో దించుకున్నవాటికి సాధారణంగా గడువుంటుంది. అది తీరితే యాప్ ఇంటర్నెట్ ద్వారా మళ్లీ అనుమతి తెచ్చుకోవాలి, ఆకాశంలో ఇంటర్నెట్ లేకపోతే అది కుదరదు. అందుచేత బయలుదేరే ముందురోజు రాత్రి ఫ్లైట్ మోడ్ పెట్టి, ఒక్కో సినిమానూ నిమిషంపాటు ఆడించి చూసి, మొరాయించినదాన్ని తీసేసి మళ్లీ దించండి. ఇంట్లో తీసుకున్న పెళ్లి వీడియోల వంటివి మెమరీ కార్డులో వేసి వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్ యాప్‌లో చూస్తే ఈ గడువు బాధే ఉండదు.

పవర్ బ్యాంకును చెకిన్ చేసే సూట్‌కేసులో పెట్టకూడదు, చేతిసంచిలోనే ఉండాలి. 100 వాట్-అవర్ల (బ్యాటరీలో నిలవుండే విద్యుత్తుకు కొలత) లోపువాటిని మామూలుగా అనుమతిస్తారు. పైన 10,000 ఎంఏహెచ్ అని రాసి ఉండే పవర్ బ్యాంకు దాదాపు 37 వాట్-అవర్లు మాత్రమే.

ఇయర్‌ఫోన్ మాత్రం వైరుదే ఇవ్వండి. బ్లూటూత్ జత తెగిపోతే పెద్దవాళ్లు ఎవరినీ అడగలేక ఊరుకుంటారు. మా అమ్మ నెల్లూరు నుంచి బయలుదేరినప్పుడు, కుడి చెవిలో పెట్టుకోవలసినదానికి ఎర్రదారం చుట్టి, రెండుసార్లు ఆమె చేతనే పెట్టించి చూశాను. చెన్నై దాకా కారులో టాబ్లెట్ తెరవనివ్వకండి. నాయుడుపేట చేరేసరికే మాకు చార్జింగ్ సగానికి పడిపోయింది.