సైన్యంలో ఎమర్జెన్సీ మేనేజ్‌మెంట్ ఉద్యోగం: సంతకానికి ముందు

గ్రీన్‌కార్డు వచ్చిన ఏడాదికే తమ అబ్బాయి అమెరికా వైమానిక దళంలో ఎమర్జెన్సీ మేనేజ్‌మెంట్ విభాగంలో చేరతానంటున్నాడని, అసలు అది యుద్ధానికి పంపే ఉద్యోగమా, ఆఫీసు ఉద్యోగమా అని ఈమధ్య ఒక తల్లి నన్ను అడిగారు. మా అమ్మాయి ఆరేళ్లు ఆ పనే చేసింది కనుక, నాకు తెలిసినంతవరకు వివరంగా చెబుతాను.

ఈ విభాగంవారు అగ్నిమాపక సిబ్బంది, బాంబులను నిర్వీర్యం చేసేవారితో పాటు సివిల్ ఇంజనీర్ దళంలో భాగంగా ఉంటారు. టెక్సస్‌లోని లాక్‌లాండ్‌లో ప్రాథమిక శిక్షణ పూర్తయ్యాక, మిస్సోరీలోని ఫోర్ట్ లెనర్డ్ వుడ్‌లో రసాయన, జీవ, అణు ప్రమాదాలను గుర్తించడం, రక్షణ దుస్తులు ధరించి పనిచేయడం నేర్పుతారు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో కర్మాగారం నుంచి స్టైరీన్ అనే విష రసాయనపు ఆవిరి ఊరి మీదికి వచ్చినప్పుడు, గాలి ఎటు వీస్తోంది, ఏ వీధిని ముందు ఖాళీ చేయించాలి, ఎవరు ఎవరికి కబురు చేయాలి అన్న ప్రశ్నలకు నిమిషాల్లో జవాబులు కావలసివచ్చాయి. అటువంటి జవాబులను ముందే రాసిపెట్టి, స్థావరంలోని ప్రతి ఒక్కరితో సాధన చేయించడమే ఈ ఉద్యోగంలో ప్రధానమైన పని. 2018 అక్టోబరులో మైకేల్ తుపాను ఫ్లోరిడాలోని టిండల్ స్థావరాన్ని ధ్వంసం చేసినప్పుడు, అంతకుముందే సిబ్బందిలో అత్యధికులను అక్కడినుంచి తరలించి ఉండటం ఎంత మేలు చేసిందో మా అమ్మాయి ఇప్పటికీ చెబుతుంది. అయినా విదేశీ స్థావరాలకు పంపే అవకాశం ఉంటుంది. ఆ విషయాన్ని తల్లిదండ్రుల దగ్గర దాచకూడదు.

హెచ్1బి (ఉద్యోగ), ఎఫ్1 (విద్యార్థి) వీసాల మీద ఉన్నవారికి ఇప్పుడు సైన్యంలో చేరే దారి లేదు. వారికోసం కొంతకాలం నడిచిన ప్రత్యేక పథకంలో 2016 నుంచి కొత్తవారిని తీసుకోవడం ఆపేశారు. గ్రీన్‌కార్డు ఉన్నవారు సిపాయి స్థాయిలో చేరవచ్చు, కాని ఆఫీసరు కావడానికి, రహస్య సమాచారం చూడవలసిన ఉద్యోగాలు చేయడానికి పౌరసత్వం కావాలి. గ్రీన్‌కార్డు మీద అన్ని విభాగాలూ దొరకవు కాబట్టి, కోరుకున్న విభాగం పేరు ఒప్పందంలో రాసి ఉన్నదా లేదా అని, రిక్రూటరు (సైన్యంలో చేర్చుకునే ఉద్యోగి) నోటిమాటతో సరిపెట్టుకోకుండా, కాగితం మీద చూసుకోవాలి. నాలుగేళ్ల ఒప్పందమని చెప్పినా, అవసరమైతే తిరిగి పిలిచే రిజర్వు కాలంతో కలిపి మొత్తం బాధ్యత సాధారణంగా ఎనిమిదేళ్లు ఉంటుంది.

రిక్రూటరును కలిసేముందు అమెరికా ప్రభుత్వ విపత్తు నిర్వహణ సంస్థ ఫెమా ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇచ్చే ఐఎస్-100, ఐఎస్-700 అనే ప్రాథమిక పాఠాలు పూర్తిచేయమని అబ్బాయికి చెప్పండి. ఈ పని మీద అతనికి నిజంగా ఆసక్తి ఉన్నదో లేదో అక్కడే తెలుస్తుంది.

సైన్యంలో ఏడాది గౌరవప్రదంగా పనిచేసినవారు గ్రీన్‌కార్డు ఉన్నవారు మామూలుగా ఆగవలసిన ఐదేళ్లు ఆగకుండానే, రుసుము లేకుండా పౌరసత్వానికి దరఖాస్తు చేసుకోవచ్చు. అయితే అమెరికా పౌరసత్వం తీసుకున్న రోజునే భారత పౌరసత్వం పోతుంది. విదేశీ సైన్యంలో పనిచేస్తున్నవారికి, పనిచేసి విరమించినవారికి కూడా వీసా లేకుండా భారత్ వచ్చివెళ్లడానికి వీలుకల్పించే ఓసీఐ కార్డును భారత ప్రభుత్వం ఇవ్వదు. ఈ సంగతి మన కుటుంబాల్లో చాలామందికి సంతకం చేసిన తరువాతనే తెలుస్తోంది. మా అమ్మాయి ఉద్యోగం మానేసి చాలా కాలమైనా ఇప్పటికీ వీసా మీదనే రాజమండ్రి వెళ్లివస్తోంది. నానమ్మకు ఒంట్లో బాగాలేదని తెలిసిన రాత్రి, విమానం టికెట్టు కంటే ముందు వీసా దరఖాస్తు నింపుతూ కూర్చుంది.