ముందు రేడియేటర్ మూత తీసి చూడు

చి. కిరణ్‌కి,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు వాట్సాప్‌లో పెట్టిన చిట్టా చూశాను. 2008 మారుతి ఆల్టో కారు. క్లచ్ జారుతోంది, ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ తగ్గిపోతోంది, బ్రేక్ పెడల్ లోపలికి దిగుతోంది, గుంతలో పడితే ముందువైపు టకటకమంటోంది, నేల మీద ఆయిల్ చుక్కలు. ఈ ఆదివారమే క్లచ్ సామాను కొనేస్తానన్నావు. అప్పుడే కొనకు.

నీకు క్లచ్చే ముందు ఎందుకు గుర్తొచ్చిందో తెలుసు. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు నిన్ను ఏడిపించేది అదే. నన్నడిగితే అసలు భయపడాల్సింది ఆ కూలెంట్ గురించి.

పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి, స్టార్ట్ చేసి చూడు. వేడి మీద మాత్రం ఆ మూత ముట్టుకోకు, మొహం కాలుతుంది. మొదట కాసేపు బుడగలొచ్చి ఆగిపోతే ఫర్వాలేదు, లోపలున్న గాలి అది. ఆగకుండా వస్తూనే ఉంటే హెడ్ గ్యాస్కెట్‌ను, అంటే ఇంజన్ బ్లాకుకీ పైనున్న హెడ్‌కీ మధ్య ఉండే సీలును అనుమానించాలి. ఇంజన్ బాగా వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తెల్ల పొగ తగ్గకపోతే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది. ఈ పరీక్షకి రూపాయి ఖర్చు లేదు. హెడ్ దించాల్సి వస్తే మాత్రం వాల్వులు తెరిచే క్యామ్‌ను తిప్పే టైమింగ్ బెల్ట్ ఎలాగూ ఊడదీయాలి, కూలెంట్ పారబోయాలి, హెడ్‌ను లేత్ షాపులో ఫేసింగ్‌కి, అంటే చదును చేయడానికి ఇవ్వాలి. ఆ ఖర్చు తేలాక ఈ బండి మీద ఇంకా డబ్బు పెట్టాలా వద్దా అని నువ్వూ మీ నాన్నా కూర్చుని మాట్లాడుకోండి. బండి అమ్మేద్దామనుకుంటే, కొత్త క్లచ్ వేశామని కొనేవాడు పైసా ఎక్కువివ్వడు.

అది తేలాక పానా పట్టుకునేది బ్రేకుల దగ్గర. ఒక్కో పని అయ్యాక బండి రోడ్డు మీద తిప్పి చూడాలి కదా, ఆగని బండిని ఎలా తిప్పుతావు? వెనక డ్రమ్ములు విప్పి బ్రేక్ షూలను తోసే వీల్ సిలిండర్ల చుట్టూ తడి ఉందేమో చూడు. ఉంటే ఆ తడి తగిలిన షూలూ మార్చాల్సిందే. ఎక్కడా కారకుండా పెడల్ దిగుతుంటే పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్ చూడాలి. బ్రేక్ ఆయిల్ బాడీ మీద పడితే పెయింట్ లేస్తుంది, వెంటనే కడగడానికి పక్కన నీళ్ల బకెట్ ఉంచుకో.

తర్వాత టైమింగ్ బెల్ట్ వైపు. హెడ్ బాగానే ఉంటే కూలెంట్ హోస్ పైపుల దగ్గరో, రేడియేటర్ దగ్గరో, వాటర్ పంప్ దగ్గరో కారుతూ ఉండాలి. పంప్ కూడా బెల్ట్ వైపే ఉంటుంది. ఎప్పుడు మార్చారో తెలియని బెల్ట్‌ను మళ్లీ బిగించొద్దు. అక్కడి క్యామ్, క్రాంక్ ఆయిల్ సీళ్లు అప్పుడే వేసెయ్. పాత సీలు కారి కొత్త బెల్ట్‌ను ఆయిల్‌తో తడిపితే చేసిందంతా వృథా.

ఇప్పుడు నీ క్లచ్. ఇందులో నేను దెబ్బతిన్నాను. షెడ్ పెట్టిన కొత్తలో ఒక బండికి ప్లేటు, ప్రెజర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ అన్నీ కొత్తవి వేసి, ఫ్లైవీల్ వెనకున్న ఆయిల్ సీల్ మాత్రం బాగానే ఉందిలే అని వదిలేశాను. రెండు నెలలకు బండి మళ్లీ నా షెడ్ ముందే ఆగింది, కొత్త ప్లేటంతా ఆయిలే. గేర్‌బాక్స్ రెండోసారి దించాను, కూలి అడగడానికి నోరు రాలేదు. నీ బండి కింద చుక్కలు ఇంజనూ గేర్‌బాక్సూ కలిసే చోటే పడుతుంటే, క్లచ్ జారడానికి కారణం ఆ సీలే కావచ్చు.

ఆ టకటక కూడా క్లచ్‌తోనే చూసుకో. గేర్‌బాక్స్ దించడానికి ముందు చక్రాలను తిప్పే డ్రైవ్ షాఫ్ట్ లాగాలంటే లోయర్ ఆర్మ్ బాల్ జాయింట్ విప్పక తప్పదు, గేర్ ఆయిల్ తీయకా తప్పదు. విప్పిన చోటే బుష్‌లు, బాల్ జాయింట్, డ్రైవ్ షాఫ్ట్ ఆయిల్ సీళ్లు చూసి, అరిగినవి మార్చెయ్. గేర్‌బాక్స్ దించే రోజు మనిషి సాయం ఉండాలి. ఇంజన్ వేలాడకుండా ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే సంపు కింద చెక్క వేసి ఇంకో జాకీ ఆనించు. బండి బరువు మాత్రం జాకీ స్టాండ్ల మీదే ఉండాలి. ఇటుకల మీద నిలబెట్టి కిందికి దూరావని తెలిస్తే మీ పెద్దమ్మతో కూడా తిట్టిస్తాను.

ఒక పని పూర్తిగా బిగించి, రెండు మూడు రోజులు తిప్పాకే ఇంకోటి విప్పు. అన్నీ ఒకేసారి విప్పితే, తర్వాత కొత్త చప్పుడొస్తే ఏ నట్టు దగ్గరో తెలియక తల పట్టుకుంటావు. పైగా బండి కదలకపోతే మర్చిపోయిన సామాను కోసం తెనాలి నుంచి విజయవాడ ఆటోనగర్‌కి బస్సెక్కాలి. వీల్ అలైన్‌మెంట్ అన్నిటికన్నా చివర. ఆర్మ్‌లు విప్పకముందు చేయిస్తే ఆ డబ్బు నీళ్లపాలే.

క్లచ్ ప్లేటు సెంటర్ చేయడానికి పాత గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ ఒకటి నా షెడ్‌లో పడుంది. బుడగల సంగతి ఫోన్ చేసి చెప్పు, హెడ్ బాగుంటే వచ్చి పట్టుకెళ్లు.

మీ పెదనాన్న
విజయవాడ