మంచుకి తుప్పు పట్టే చైన్

ప్రశ్న: కార్తీకం దాటాక తెల్లవారుజామునే కాలువ గట్టు మీద సైకిల్ తొక్కుతాను. మంచుకి చైన్ తుప్పు పట్టి కిర్రుమంటోంది. కొబ్బరినూనె రాస్తే జిగురుగా తయారవుతోంది. బ్రేకులు కూడా పట్టడం లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, అంబాజీపేట

జవాబు: ముందు కొబ్బరినూనె మానేయండి. కోనసీమలో చేతికందే నూనె అదే గానీ, వేడి సుమారు 24 డిగ్రీల సెల్సియస్ కిందికి దిగితే పేరుకుంటుంది. దానికి గట్టు మీది దుమ్ము, కళ్ళంలో పొట్టు అంటుకుని ముద్దవుతుంది. చైన్‌ని అరగదీసేది ఆ ముద్దే.

పాత టూత్‌బ్రష్‌ని కిరసనాయిలులో ముంచి లింకుల సందుల్లో రుద్దండి. గుడ్డతో తుడిచి ఎండలో పూర్తిగా ఆరనివ్వండి. తడి మీద వేసిన నూనె లోపలికి దిగదు. తర్వాత ఒక్కో రోలర్ (లింకుల మధ్య తిరిగే చిన్న గొట్టం) మీద కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క చాలు. పెడల్ వెనక్కి తిప్పి, ఐదు నిమిషాలాగి, పైన మిగిలిందంతా తుడిచేయండి. నూనె ఉండాల్సింది లోపల పిన్నుల దగ్గర. ఇది పల్చటి నూనె కాబట్టి వారానికోసారి వేయాలి. చైన్‌ని మధ్యలో వేలితో ఎత్తితే అర అంగుళం ఆడాలి.

ఇక బ్రేకులు. స్టీలు రిమ్ము తడిస్తే రబ్బరు పట్టు బాగా తగ్గుతుంది. బయల్దేరే ముందు రబ్బరు తాకే చోట పొడిగుడ్డతో తుడవండి, అక్కడ నూనె అసలు పడనివ్వకండి. రబ్బరు గట్టిపడి మెరుస్తుంటే శాండ్‌పేపర్‌తో రుద్దండి, అరిగిపోతే మార్చేయండి.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి: డైనమో లైటు సైకిల్ ఆగగానే ఆరిపోతుంది. వెనకాల బ్యాటరీ ఎర్రలైటు తప్పకుండా బిగించుకోండి.