ముందు పచ్చి పెట్రోలును ఆపు

చిరంజీవి శ్రీకాంత్‌కు, మిర్యాలగూడ నుంచి మామయ్య ఆశీస్సులు.

గడ్డి కోసే మిషన్‌కు పొగ తగ్గే ఇంజిన్ చేస్తున్నావని అక్క చెప్పింది. చాలా సంతోషం, అల్లుడూ. ఈ మిషన్లు, తైవాన్ పంపులు రిపేరు చేస్తూ బతుకుతున్నవాణ్ని, అందుకే రాస్తున్నా.

కళ్లకు కనిపించే పొగ పెట్రోల్లో కలిపే నూనెది. అంతకన్నా చెడ్డది కనబడకుండా పోయే పచ్చి పెట్రోలు. ఈ మిషన్లలో ఉండే టూ స్ట్రోక్ ఇంజిన్‌లో గాలి, పెట్రోలు, నూనె కలిసిన కొత్త మిశ్రమం లోపలికి వచ్చేటప్పుడు సైలెన్సర్ దారి ఇంకా తెరిచే ఉంటుంది. పాత ఇంజిన్లలో పావు వంతు, ఒక్కోసారి మూడో వంతు కాలకుండానే అటు జారిపోతుంది. రైతు డబ్బు పెట్టి కొన్నదీ అదే, కూలీ పీల్చేదీ అదే. అందుకే పోర్టుల దగ్గర, అంటే మిశ్రమం వచ్చే, పొగ పోయే సిలిండర్ రంధ్రాల దగ్గర మొదలుపెట్టు. మిశ్రమం కన్నా ముందు ఒట్టి గాలి వెళ్లి పాత పొగను తోసేయాలి. అప్పుడు జారిపోయేది చాలావరకు గాలే. హస్క్‌వర్నా కంపెనీ ఎక్స్-టార్క్, స్టిల్ కంపెనీ 2-మిక్స్ ఇంజిన్లు ఇలాగే పనిచేస్తాయి. అమెరికాలో 20 నుంచి 50 సీసీ చేతి ఇంజిన్లకు హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు కలిపి కిలోవాట్-గంటకు 50 గ్రాముల హద్దు ఉంది. దాన్ని గురిగా పెట్టుకో.

సైలెన్సర్‌లో పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్ బిగించి పని అయిపోయిందనుకోకు. పచ్చి పెట్రోలు అందులో కాలితే సైలెన్సర్ విపరీతంగా కాగుతుంది. ఎండాకాలం బత్తాయి తోట గట్ల మీద ఎండుగడ్డి ఎట్లుంటదో నీకు తెలుసు. ముందు సిలిండర్‌లో తగ్గించి, మిగిలినదానికే చిన్న కన్వర్టర్ పెట్టు.

ఫోర్ స్ట్రోక్ కూడా మంచి దారే. హోండా జీఎక్స్25 అనే చిన్న ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ ఎటు వంచినా నడుస్తుంది. కాకపోతే వాల్వులు సరిచేసే చేయి ఊళ్లో దొరకాలి.

పెట్రోలు సంగతి మరువకు. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసినది. సీజన్ అయ్యాక నెలల తరబడి ట్యాంకులోనే ఉంటే నీరు పీల్చి అడుగున వేరే పొర కడుతుంది. అందులో నూనె దాదాపు ఉండదు, అదే లోపలికి పోతే పిస్టన్ పట్టేస్తుంది. ట్యూబులు, కార్బ్యురేటర్‌లోని పలుచని డయాఫ్రమ్ పొర ఇథనాల్‌ను తట్టుకునే రబ్బరువే వాడు. ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసే వీలు పెట్టు.

పెట్రోలు, నూనె 50కి 1 పాళ్లు అంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల నూనె. మనవాళ్లు కంటి అంచనాతో ఎక్కువే పోస్తారు. అది పోర్టుల్లో మసిగా గట్టిపడితే నీ లెక్కలన్నీ మారిపోతాయి. ట్యాంకు మూతనే కొలత గిన్నెగా చేయి. కొత్త ఇంజిన్‌తో పాటు ఒక సీజన్ పనిచేసిన ఇంజిన్ పొగ కూడా కొలువు.

సెలవులకు వస్తే షాపులో పాత సిలిండర్లు తీసి పెడతా. మసి ఎక్కడ పడుతుందో చూశాకే పోర్టుల డ్రాయింగ్ గీయి.

మీ మామయ్య